అయితే

సిత్రాల రాత్రి రెండున్నర.
బయట నలభై ఒకటి. లోపల మైనస్ పద్దెనిమిది ఉండాలె,
పదకొండుకు వచ్చింది.
హమూర్ చేపల డబ్బాల మీద మంచు చెమటగ మారుతున్నది.
షఫీకుల్ డోర్ కాడ నిలబడి నా దిక్కు చూస్తున్నడు,
నేను గోడకున్న టాబ్లెట్ దిక్కు.

రంజాన్ అయినంక కంపెనీ పెట్టిన కొత్త మనిషి అది.
మనిషి కాదు. కానీ మన లెక్కనే నసుగుతది.
తెలుగు పెట్టుకున్న. బడిపంతులు తెలుగు.

"తలుపు తెరిచి ఉందేమో అనుకుంటున్నాను. చూస్తాను."
చూసింది.
"మూసే ఉంది. అయితే తలుపు కాదు.
సక్షన్ ప్రెషర్ తక్కువగా ఉంది. గ్యాస్ కారిపోయిందేమో.
రిసీవర్ చూస్తాను."
చూసింది.
"మట్టం సరిగానే ఉంది. అయితే గ్యాస్ కాదు."

అయితే.
ఒక చూపుకూ ఇంకో చూపుకూ నడుమ
ఆ ఒక్క మాట మీద కాలు ఆనిచ్చి నిలబడుతది,
వాగు దాటేటోడు ముందటి బండను
కాలి బొటనవేలుతోని కదిపి చూసినట్టు.

ఓదెలన్న యాదికొచ్చిండు.
నాకు పని నేర్పినోడు. స్క్రూడ్రైవర్ మొన కంప్రెసర్ మీద ఆనిచ్చి,
పిడి చెవుల పెట్టుకొని కండ్లు మూసేటోడు.
"ముట్టకుంట ఆలోచిస్తే గాలిల మేడ కట్టుడేరా.
ఆలోచన లేకుంట ముడితివా, గుడ్డెద్దు చేన్ల వడ్డట్టే" అని
పానా నా చేతిల పెట్టి, మళ్ల గుంజుకునేటోడు:
"ముందుగాల చెప్పు, ఏమనుకుంటున్నవ్?"
ఇరవై ఏండ్లు మిషన్లను విన్న చెవులు.
ఇప్పుడు సల్మాబాద్‌ల ఓ షెడ్డుల ఉన్నడు,
చాయ్ తాగుతవా అన్నా అంటే
టైమడిగిన అనుకుంటడు.

"డీఫ్రాస్ట్ పన్నెండుకు నడిచినట్టు లాగ్‌లో ఉంది.
నడిచిందో, నడిచినట్టు రాసుకుందో తెలియదు.
లోపల నాకు కన్ను లేదు. మీరు వెళ్లి చూడగలరా?"

జాకెట్ ఏసుకున్న. జిప్పు సగంలనే ఇరుక్కున్నది.
కాయిల్ మీద మంచు. అది అనుకున్నదే.
కానీ పై సగం శుభ్రంగ ఉన్నది, కింది సగమే తెల్లగ,
నీళ్లు దిగలేక తొట్టిల గడ్డకట్టి
అక్కడినుంచి పైకి ఎక్కింది.
గ్లౌజు తీసి డ్రైన్ పైపు ముట్టిన.
గోరువెచ్చగ ఉండాల్సింది
చలికాలం బోరింగు రాడ్డు లెక్కున్నది.

వచ్చి చెప్పిన.
"అయితే నా అనుమానం తప్పు. డీఫ్రాస్ట్ నడిచింది.
కరిగిన నీరే బయటికి పోలేదు.
పైపు హీటరు వైరు చూడండి."

తప్పు.
ఎంత అలుకగ అన్నదో ఆ మాట!
పరువు లేనిదానికి పోయేదేమున్నది.
మా సూపర్‌వైజర్ ఒక్కపారి వాల్వు ఖరాబైందని తప్పు చెప్పి,
ఆ మాట నిలబెట్టుకునేతందుకు
మూడు మంచి వాల్వులు మార్పిచ్చిండు.

వైరు గోడ బయట మాడి ఉన్నది.
రెండించులు కోసి, కలిపి, టేపు చుట్టిన.
షఫీకుల్ కెటిల్‌ల వేడినీళ్లు తెచ్చి తొట్టిల పోసిండు.
బాంగు వినవడే యాళ్లకు
పైపు కొసన మొదటి చుక్క.

కూసున్నంక సోంచాయించిన.
దానికి సెన్సరు ఎట్లనో, రికార్డు ఎట్లనో, నేనూ గట్లనే.
ఇంకో పనిముట్టు.
కోపం రావాలె. కొంచెం వచ్చింది గూడ.
కానీ పదకొండేండ్లల
"పో" అన్నోళ్లు ఉన్నరు, "తే" అన్నోళ్లు ఉన్నరు,
పోయి తిరిగొచ్చినంక "ఏం చూసినవ్?" అని
ఓదెలన్న తర్వాత ఎవ్వరడిగిండ్రు?
అడిగి, విని,
ఎవ్వరు తమ మాట మార్చుకున్నరు?

తెల్లారినంక దాన్నే అడిగిన:
నాలుగు నెల్ల జీతం రాలే. ఏమనుకుంటున్నవ్?
అనుకున్నది. చూసింది. మళ్ల అనుకున్నది.
"జీతాల ఖాతా తెరిచే అనుమతి నాకు లేదు.
అయితే"
అని, ఆడనే ఆగింది,
అక్షరం పక్కన గీత కొట్టుకుంట.

షఫీకుల్ చాయ్ తెచ్చిండు.
డోర్ మీద నంబరు మైనస్ పదమూడు.
ఇంకా ఐదు దిగాలె.