డేగ దిగిన చెయ్యి

ఆ చేతిని నాకన్నా ఎరిగినవాడెవడు?
పదకొండేళ్లు దాని మీదికి డేగను ఎక్కించినవాణ్ణి.
తోలు తొడుగులోంచి కూడా వేడి తెలిసేది.

మ్యూజ్ నది గడ్డకట్టిన ఏడు
ఎర్లెబాల్డ్ ప్రభువు గుండు చేయించుకున్నాడు.
రాజుగారికి అక్కడ తనవాడొకడు బిషప్పుగా కావాలి,
అంతే. దేవుడి పిలుపూ గిలుపూ ఏమీ లేదు.
దొరసాని హెర్సెంద మఠానికి పోతూ
వేటకుక్కల పేర్లన్నీ నాకు అప్పజెప్పింది.
ఆయన పేరు మాత్రం ఎత్తలేదు.

మొదట్లో నవ్వొచ్చేది.
దీవించడానికి చెయ్యెత్తితే
మోచెయ్యి పక్కకు జరిగేది, పిట్టకు చోటిస్తున్నట్టు.
కీర్తనల్ని, గుర్రాన్ని అదిలించినట్టు చదివేవాడు.

తపస్సు కాలంలో ఒకనాడు
వార్లే ఊరి పిండిమరవాడు వచ్చాడు.
సగం మొహం కాలి ముడుచుకుపోయి ఉంది.
ఆ పాత మరకు నిప్పు పెట్టమన్నది ఈయనే,
కాగడా పట్టింది నేను.
వాడు న్యాయం అడగలేదు.
కొత్త మర తిరగడం లేదు,
వచ్చి దీవెన నీళ్లు చల్లమన్నాడు.

పన్నెండు మైళ్లు, మంచులో, కాలినడకన.
నీళ్లు చల్లలేదు బిషప్పు.
అంగీ మోకాళ్ల పైకి దోపి కాలవలోకి దిగి
చక్రానికి అడ్డుపడ్డ కొమ్మల్ని
ఒక్కొక్కటే లాగి గట్టున పడేశాడు.
క్షమించమన్నాడో లేదో,
నాకు వినపడలేదు. నీళ్ల హోరు.

చక్రం కదిలింది.
మరవాడు వంగి ఉంగరం ముద్దాడబోతే
చటుక్కున చెయ్యి దించుకున్నాడు,
డేగ తిరిగి రాని సాయంత్రం
చీకటి పడ్డాక దించుకున్నట్టే,
ఖాళీగా, ఎర్రగా, వణుకుతూ.

నా చేతిని నేను
ఎప్పుడో అంగీలో దాచుకున్నాను.