రెండో జత

దేశాయిపేట రోడ్డుల మా కొట్టు,
ఎదురుంగ నఫీసా బేగం కుట్టుమిషను.
ముప్పయ్యేండ్ల సంది ఒకటే బజారు.
ఆమె చప్పుడు నాకు, నా చప్పుడు ఆమెకు
రేకుల మీద వానలెక్క అలవాటైంది.

పోయిన కార్తీకంల తెచ్చిన ఈ కొత్త రంపం.
కొత్తదంటే నాకు కొత్త,
బాలానగర్ల ఎవరో వాడి ఇడిసిపెట్టింది.
వెంట్రుక కంటె జరంత మందం బ్లేడు,
నిలబడ్డకాడనే ఎక్కుడు, దిగుడు.
నాదేమో బాడిశ పట్టిన చెయ్యి,
కచ్చడం బండ్లకు ఆకులేసినోళ్ళ చెయ్యి,
ఒత్తుడు ఒక్కటే తెలుసు దానికి.
మొదటి దినం పదకొండు బ్లేడ్లు ఇరిగినయి.
పన్నెండోది బిగియకుండ
చాయ్ తాగుకుంట కూసున్న.

నఫీసా రోడ్డు దాటి వచ్చింది,
మెడల టేపు, పెదాల నడుమ గుండుసూది.
సూది తీసి కొంగుకు గుచ్చుకొని
"ఎందుకు నూకుతున్నవ్ చారీ?
సూది యాడికి పోదు. బట్టనే తిరగాలె" అన్నది.
జాకెట్టు మెడ తిప్పినట్టు చెక్కను తిప్పింది.
వంపు కాడ ఆగలే.
మూల కాడ ఆగింది, ఒక్క ఊపిరంతసేపు,
మళ్ల తిప్పింది.
ఆ ఊపిరి నేర్సుకునెతందుకు నాకు నెల పట్టింది.

పనంటే ఇంతే:
కింద టేకు, మీద జిట్రేగి, రెండిట్ని అతికి
బల్లను మూడు డిగ్రీలు వంచాలె.
మూడున్నర గాదు.
సూదంత బొక్క ఏసి, అండ్లకెళ్ళి
దారం ఎక్కిచ్చినట్టు బ్లేడు ఎక్కియ్యాలె.
ఒకటే కోత, రెండు చెక్కలు.
మీది జిట్రేగి ముక్క కింది టేకు కంతల దిగి
బిర్రుగ కూసుంటది,
గోరు పెట్టి గీకినా సందు దొరకదు.

వచ్చెటోళ్ళందరికి తోరణమే గావాలె.
బదిలీ మీద పోయే మేనేజరుకు తోరణం,
సన్మానానికి తోరణం, నగల పెట్టెకు తోరణం.
ఈ ఏడు యాభై రెండు కోసిన.
కండ్లు మూస్తె తోరణం కిందికెళ్ళే నడుస్తున్న.

నఫీసా అడిగింది మునగరెమ్మ,
తన మిషను మూత మీదికి.
పైసలు వద్దంటె ఒప్పుకోలే.
"అయితే ఒక అంగీ కుట్టు" అన్న.

మునగాకు ఎంత చిన్నదో కోస్తెనే తెలుస్తది.
ఇరవై ఒక్క ఆకు, ఆకుకొక్క బొక్క.
పచ్చ కర్ర యాడ దొరుకుతది,
జిట్రేగి నలుపునే పచ్చ అనుకోవాలె అంటె
"రాత్రిపూట మునగచెట్టు అట్లనే ఉంటది" అన్నది.
పందొమ్మిదో ఆకు నడుమ కరెంటు పోయింది.
వచ్చినంక అంచు జర కొరికినట్టు తేలింది.
మార్చుదునా అంటె నవ్వింది,
"మునగచెట్టుకు గొంగడిపురుగు ఉండదా?"

ఇగ మిగిలింది రెండో జత.
జిట్రేగి కంతలల్ల టేకు ఆకులు నిలువయి,
పెడితె కిందికెళ్ళి జారిపడుతయి.
బల్ల ఒక దిక్కే వంగుతది,
ఒక జతకే న్యాయం జేస్తది.
టేకు ఆకులు బిస్కట్ డబ్బల ఏసిన.
కంతల చెక్కను పొయ్యిల పెట్టబుద్ధిగాక
పడమటి కిటికీకి మొల కొట్టి తగిలేసిన.
నాలుగు దాటినంక, కింద పొట్టు మీద
ఇరవై ఒక్క ఎండాకులు పడుతయి,
కొరికిన ఆకు గూడ.
అప్పుడు చీపురు పట్ట.

అంగీ ఇంక రాలే.
అడిగితె, కాలరు మూల కాడ
ఆగిన అంటది.