పేరా నంబరు పదిహేడు

మే నెల ఓచర్లన్నీ ఒకటే చేతిరాత.
తేదీలు మారాయి గాని ఇంకు మారలేదు,
ముప్పై ఒక్క రోజుల్నీ
ఒక్క మధ్యాహ్నం కూర్చుని రాసినట్టు.

చిట్టినగర్ వెనక కొండవీధికి
మంచినీళ్ల ట్యాంకర్లు, రోజుకి ఆరు ట్రిప్పులు.
మస్తాన్‌వలి కాలిక్యులేటర్ నొక్కి
మొత్తం సరిపోయిందన్నాడు.
పైసాతో సహా.
నా అనుమానం అక్కడే మొదలైంది.

ఎండలో వెళ్లాం.
వీధి అని రాసిన చోట మెట్లున్నాయి.
నూట నలభై మూడు. మధ్యలో రెండుసార్లు ఆగాను,
ఆగిన చోటల్లా ఎవరిదో గుమ్మం,
మూతకి రాయి పెట్టిన నీలం డ్రమ్ము.
ఏ ట్యాంకరుకి కాళ్లున్నాయో
కాంట్రాక్టర్ని అడగాలి.

పైన అప్పలనరసమ్మ
చంకన బిందె దించి, మా ఫైళ్లు చూసి,
"కొళాయేత్తారేటి బాబూ?" అంది.
లేదమ్మా, లెక్క చూడ్డానికొచ్చాం.
"నీళ్లకి లెక్కేటి, మోసినోళ్లకి ఎరిక."
స్టీలు గ్లాసు తొలిచి, ముంచి ఇచ్చింది.
గటగటా తాగేశాను.
అది ఎంత కిందనుంచి ఎక్కివచ్చిందో
దిగేటప్పుడు మోకాళ్లు చెప్పాయి.

నూట ఎనభై ఆరు ట్రిప్పులు,
బాధ్యుల నుంచి రాబట్టవలసిన సొమ్ము, అని రాశాను.
ఆర్నెల్లకి జవాబొచ్చింది, గుండ్రటి సీలుతో:
"సదరు ప్రాంతం ఎత్తయినందున
నీరు బిందెలతో చేర్చడమైనది."

చాలాసేపు చూశాను ఆ వాక్యాన్ని.
ఫైలు మొత్తమ్మీద
అబద్ధం కానిది అదొక్కటే.

ఎవరు మోశారు అన్న గడి మాత్రం
ఖాళీగా వదిలేశారు.