లతీఫ్ గుట్ట కింది అకీకు

గుట్ట మెట్ల కాడ ఉంగరాలమ్మే జానీ మియా
పగటీలి ల్యాబుకొచ్చిండు, చెప్పులు బయటే ఇడిచి.
వేలికున్నది రాకపోతే సబ్బు నురగ రాసి తీసినం.
చింతగింజ ఎరుపు రాయి, అరిగిన వెండి పట్టీల.
"యెమన్ అకీకు మేడం.
హజ్జుకు పోయినప్పుడు మా అబ్బాజాన్ తెచ్చిండు.
కాగితం ఒకటుంటే ధర పలుకుతది."

లేజరు చిటుక్కుమన్నది.
ఆవగింజల వందోవంతు రాయి
ఆవిరై, వెలుగై, తెర మీద గీతలై నిలబడ్డది:
ఇనుము, అల్యూమినియం, కొంచెం పొటాషియం,
ఉందో లేదో జెర్మేనియం.
పక్క మిషన్ల, నాలుగొందల అరవై నాలుగు కాడ
పొడుగ్గా స్ఫటికం,
ఐదొందల ఒకటి కాడ పొట్టిగా దాని తమ్ముడు మొగనైటు.

గీతలకు ఊరి పేరు తెల్వది.
ఊర్లు నా డబ్బాలల్ల ఉన్నయి:
మక్తల్ దాటినంక కృష్ణ ఒడ్డున నేనే ఏరిన గులకరాళ్ళు అరవై మూడు,
రతన్‌పూర్ నుంచి పార్సిల్ల వచ్చినయి నలభై,
యెమన్‌వి పదకొండు,
అండ్ల రెండిటి మీద నాకే అనుమానం.
అన్నిటినీ మందలు మందలు చేసి
కొత్త రాయిని నడుమ ఇడుస్తది లెక్క.
ఏ మంద దిక్కు పోతే ఆ మందది.
అది సూడని కొండ
దాని లోకంల లేనే లేదు.

వచ్చింది. కృష్ణ, సున్న పాయింట్ ఏడు ఒకటి.

ఎట్ల చెప్పాలె?
గ్లాసుల నీళ్ళిచ్చి, "నూటికి డెబ్బై ఒక పాలు
మన కృష్ణదే అంటున్నది. ఖాయమని కాదు..."

జానీ మియా నవ్విండు.
పండ్ల మీద గోధుమ రంగు అడ్డగీతలు,
మర్రిగూడ బోరు నీళ్ళు
చిన్నప్పుడే రాసి పెట్టినయి.
"నన్ను జూసి కర్నూలు బస్సుల కండక్టరే చెప్తడు
నేను ఏడికెళ్ళి వచ్చిన్నో. మీకెందుకు ఇంత కరెంటు?"

శానాసేపు తెర దిక్కే చూసిండు.
"అమ్మీ అంటుండె,
ఆయన ఓడ ఎక్కనే లేదు,
జూరాల డ్యాం కాడ కంకర మోసి వచ్చిండు అని.
మేం ఆమె మీద కోపం జేసేటోళ్ళం."

మిగిలిన ఇరవై తొమ్మిది పైసల సంగతి అడిగిండు.
రతన్‌పూర్ పద్దెనిమిది, యెమన్ ఏడు,
నాలుగు అటిటు.
"ఏడున్నదా?"
ఉన్నది.
"అది గూడ రాయుండ్రి. కొట్టేయకుండ్రి."

రాసిన. సంతకం పెట్టిన.
ఆయన ఉంగరం కిటికీ దిక్కు తిప్పి
లేజరు పొడిచిన గుంత కోసం ఎతుకుతున్నడు,
కంటికి ఆనదని చెప్పినా.