గీత యాడ పడుతుందో

పదకొండేండ్లుగా అన్న బండి తోలతా ఉండాను.
మూడు క్లచ్ ప్లేట్లు మారినాయి, రెండు పార్టీలు మారినాయి,
సీటు మాత్రం మారదనుకున్నాం.

డ్యాష్‌బోర్డులో ఒక నోటు పుస్తకం.
అట్ట మీద బెల్లం మండీ వాళ్లు అచ్చేయించిన వినాయకుడు.
లోపల ఊరికొక పేజీ.
దిగువ చింతమాకులపల్లె:
పెండ్లిండ్లు పద్నాలుగు, చావులు ఇరవైతొమ్మిది,
చెవులు కుట్టింది ఆరు,
బోరు ఒకటి. నీళ్లు పడలేదు.

పోయినసారి అన్న ఎనిమిదొందల చిల్లరతో ఓడినాడు.
ఆ చిల్లర ఎవరెవరో ఆయనకు ఇంటిపేర్లతో తెలుసు.
పెండ్లికొకటి, చావుకొకటి,
మజ్జిగ తాగిన అరుగుకొకటి,
ఆ చిల్లరనే కూడబెట్టుకుంటా వచ్చినాడు.

ఇప్పుడు గీతలు మారతాయంట.

మామిడి గుజ్జు ఫ్యాక్టరీ కాడ టీ అంగట్లో విన్నాం మొదట.
తోతాపురి ట్రాక్టర్లు బారుగా నిలబడుండాయి,
ఎవురో గ్లాసు కింద పెట్టి అన్నారు,
"ఏమప్పా, మీ సీటు పగలగొడతాండారంట గదా."
పొద్దుమునిగేలోగా సెల్లులోకి మూడు మ్యాపులు దిగినాయి.
ఒకదాంట్లో నీవా ఏరుకు ఇవతలదంతా మాదే.
ఇంకోదాంట్లో సగం మండలం పక్క సీటుకు పోయింది.
మూడోదాంట్లో మా సీటే లేదు.
దాని పేరుండాల్సిన కాడ
ఫోటో తీసినోడి బొటనవేలి నీడ.

కలెక్టరాఫీసులో తెలిసిన గుమాస్తాను అడిగితే
"ఏదీ రాలేదు సార్,
వచ్చినా నా టేబుల్ మీదికి ఆఖర్న వస్తుంది" అన్నాడు.

రిజర్వు అయితే?
ఆ మాట ఎవురూ గట్టిగా అనలేదు.
ఇరవై ఏండ్లు జెండా కర్ర మోసిన కాలనీ ఏకాంబరం
ఆ రోజు అన్న ఎదురుగా కుర్చీలో కూర్చున్నాడు.
అన్నే కూర్చోమన్నాడు.
ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూడకుండా
మ్యాపు చూస్తా టీ తాగినారు.
చల్లారినాక కూడా తాగినారు.

అవతలి పార్టీ జ్ఞానశేఖర రెడ్డికీ నిద్ర లేదంట.
పెనుమూరు దావలో కల్యాణమండపం కాడ
చేతులు కడిగే కొళాయి దగ్గర ఎదురుపడి,
కేసులు పెట్టుకున్న మనుషులు,
"నీకేమన్నా తెలిసిందా?" అంటే "నీకు?" అన్నారు.
గెలిచినోడికీ ఓడినోడికీ
ఒకే తడి తువ్వాల.

మొన్న రాత్రి రెండు గంటలకు ఫోను.
చింతమాకులపల్లె గంగులమ్మ పోయింది.
బోరులో దుమ్ము లేచిన రోజు
అందురూ మొగం తిప్పుకుంటే
"నీళ్లు పడకపోతే నువ్వేం జేస్తావులే నాయినా" అని
టెంకాయబోండాం కొట్టించి ఇచ్చిన ముసిలామె.

వంక కాడ అన్న బండి ఆపమన్నాడు.
ఒక మ్యాపులో వంక దాటితే మాది కాదు.
ఇంకోదాంట్లో మాదే.
హెడ్‌లైట్ల ముందర పురుగులు మాత్రం
అటూ ఇటూ తిరగతా ఉండాయి.
"ఈ ఊరు ఎటు పడిందిరా, దామోదరం?"

నాకు మ్యాపులు రావన్నా.
చిత్తూరు బస్టాండు నుంచి పదారు కిలోమీటర్లు,
ఎడమ పక్క రెండు గుంతలు, ఒక కల్వర్టు,
ఆడ్నించి కుక్కలు మొరగతాయి.
అదే ఊరు.

కొంచేపు ఇంజను సద్దే.
సీటు బెల్టు వదులు చేసుకున్నాడు, మళ్లీ బిగించుకున్నాడు.
"పో" అన్నాడు.

తెల్లారి తిరిగొచ్చినాక
కాళ్లు కడుక్కోకముందే పుస్తకం తీసినాడు.
ఇరవైతొమ్మిది కొట్టేసి ముప్పై వెయ్యాల.
పెన్ను జేబులోనే ఉంది, మూత కూడా తీసినాడు.
మళ్లీ మూత పెట్టి
డీజిలు లెక్కలు రాసుకునే నా పెన్సిలు ముక్క
ఇమ్మన్నాడు.