తర్వాతి ప్రశ్నార్థకం

తోర్స్‌హావ్న్‌లో వాన అడ్డంగా కురుస్తుంది.
కిటికీ పక్కన రన్‌వా
మునిగిన ట్రాలర్ మీద విచారణ నివేదిక దిద్దుతోంది,
ఆరువందల పన్నెండు పేజీలు.

వేలు అరిగేలా కిందికి జరపలేక
చిన్న మాక్రో రాసుకుంది:
రెండు మీటలు కలిపి నొక్కితే
కర్సర్ ఒక్క గంతులో
తర్వాతి ప్రశ్నార్థకం ముందు వాలుతుంది.

గంతు. గాలి వేగం, సరిచూసింది.
గంతు. వంటవాడి ఇంటిపేరులో ఒక అక్షరం.
గంతు. ఆఖరి రేడియో పిలుపు
నాలుగూ పదిహేడుకా, పందొమ్మిదికా?
టేపు మళ్ళీ వింది. హోరు తప్ప ఏమీ లేదు.

మధ్యలో ఎంత సముద్రం దాటేసినా
కర్సర్‌కి తడి అంటదు.

సాయంత్రానికి అన్నీ తీరాయి, ఆ ఒక్కటి తప్ప.
ఇప్పుడు నొక్కితే
చివరిదాకా వెళ్ళి, మొదటినుంచి చుట్టి వచ్చి
అక్కడే ఆగుతోంది,
ఆ రెండు నిమిషాల దగ్గర.

రన్‌వా ఇంకోసారి నొక్కింది.