తరుగు

అంబాజీపేట కొబ్బరి కొట్టులో
కాటా పక్కన కూర్చుని రాసేది నేనే.
పన్నెండేళ్లయింది.
బస్తా ఎక్కుతుంది, ఎర్రంకెలు పరిగెత్తి ఆగుతాయి,
షావుకారు కనుబొమ్మ ఎగరేస్తాడు,
నేను తరుగు తీస్తాను.
గోనెకి కిలో, తేమకి కిలోన్నర,
వానలో తడిసొస్తే ఇంకో అర.
తరుగు తీయకుండా ఏ సరుకుకీ ధర కట్టం.

నాకు మాత్రం ఎవరూ తీయరు.
అంతా నాదేనంటారు,
తిండీ నాదే, బద్ధకమూ నాదే.
నేనూ అలాగే అనుకుంటాను
మెట్టెక్కి, స్తంభం పట్టుకుని,
చెప్పు సరిచేసుకుంటున్నట్టు నటిస్తూ
ఊపిరి వెనక్కి తెచ్చుకునేటప్పుడు.

"సుగుణమ్మగారూ, మీరు మజ్జిలో కూకోండి,
బండి ఓ పక్కకి లాగేత్తాది, ఆయ్,"
ఆటో చినబుల్లోడు మర్యాదగానే అంటాడు.
దిగేటప్పుడు ఇద్దరి చార్జీ ఇచ్చేస్తాను.
అడిగించుకోవడం కన్నా
ఇరవై రూపాయలు చవక.

మా అమ్మకి నా ఒళ్ళంటే గొప్ప.
ఊడ్పులకెళ్లి గంజి తాగొచ్చిన మనిషి,
నా భుజాలు తడిమి తడిమి
"ఇంత నిండైన పిల్ల నా కడుపునే పుట్టిందా" అని
ప్రార్థన చేసి మరీ దిష్టి తీసేది.
ఆమెకీ షుగరేనని
కాలివేలు తీసేశాక గానీ తెలీలేదు.

పాస్టరమ్మ శ్రమదినాల్లో చెప్పింది:
"ఉపవాసముంటే దేవుడికీ ఇష్టం, నీకూ మంచిది."
నలభై రోజులున్నాను.
తొమ్మిది కిలోలు వెళ్లాయి.
క్రిస్మస్‌కి పదకొండు తిరిగొచ్చాయి,
చుట్టాల్ని వెంటేసుకుని.

అమలాపురంలో డాక్టరమ్మ దగ్గరికి ఆరేళ్లుగా వెళ్తున్నాను.
బీపీ చూస్తుంది, మాత్ర మారుస్తుంది,
మోకాలికి పైపూత రాస్తుంది.
నొచ్చుకుంటానేమోనని ఆవిడ,
తిడుతుందేమోనని నేను.
ఆరేళ్లు ఆ బల్ల దగ్గర నా బరువు
మూడో మనిషిలా కుర్చీ లాక్కుని కూర్చుంది,
ఒక్కరం పలకరించలేదు.

రాత్రిళ్లు గ్లోరీ నా పక్కనే పడుకుంటుంది.
ఆరో తరగతి.
మొన్న దాని లెక్కల పుస్తకం వెనక పేజీ చూశాను,
నిలువు గీతలు, ఐదుకో అడ్డగీత.
ఏం లెక్కే ఇది? అంటే
తల దించుకుంది.
"నీ గురక ఆగిపోయి ఊపిరి రానప్పుడల్లా ఒకటి.
నిన్న నలభై ఒకటి.
అమ్మా, నేను కూడా నిద్రపోతే
నిన్నెవరు కదుపుతారు?"

ఆ పుస్తకమే తీసుకెళ్లి బల్ల మీద పెట్టాను.
డాక్టరమ్మ కళ్లజోడు తీసింది.
చాలాసేపు గీతలే చూసింది.
"ముందు నేను అడగాల్సిందమ్మా," అంది.
తర్వాత నెమ్మదిగా
ఇందులో మీ అమ్మ ఇచ్చింది ఎంతుందో,
పన్నెండేళ్ల కుర్చీ ఎంతుందో,
తెగిపోయిన నిద్ర ఎంతుందో చెప్పుకొచ్చింది.
"మీ వంతూ ఉంది, లేదనను.
కానీ అంతా మీది కాదు."
"తరుగు తీస్తున్నారా అండీ?" అన్నాను.
ఆవిడకి అర్థం కాలేదు. అయినా నవ్వింది.
కాకినాడలో నిద్ర పరీక్షకి చీటీ రాసింది.
డబ్బెంతవుతుందో అడగలేదు నేను.
చీటీ జాకెట్లో దోపుకున్నాను.

ఆ సాయంత్రం హమాలీలు వెళ్లిపోయాక
చెప్పులు విడిచి కాటా ఎక్కాను.
ఇనపరేకు చల్లగా, కొబ్బరి జిడ్డుతో
పాదాల కింద జారింది.
అంకెలు అటూ ఇటూ తడుముకుని ఆగాయి.
నూటారు కిలోల నాలుగొందలు.
చిట్టాలో ఆఖరి బస్తా కింద రాసుకున్నాను.
తరుగు గడి దగ్గర పెన్ను ఆగిపోయింది.

పొద్దున్నే షావుకారు మొత్తం వేసి,
మళ్లీ వేసి, నా వైపు తిరిగాడు.
"ఓ బస్తా ఎక్కువొస్తందేంటి?
ఇంత బరువు సరుకు ఎవరిదమ్మా?"

"నాదేనండి," అన్నాను.
"ఇంకా తరుగు తీయలేదు."